తాలు కాయల పొగ

మా వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. అందులోంచి నన్ను నేను మినహాయించుకోను.

సాగర్ కాలవ నీళ్లు ఇంకా రాని రోజులు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, మిరప కోతలప్పుడు మా అన్నకు చెవుల్లో మాటలు వినపడటం మొదలైంది. తనను తిడుతున్నారని కల్లంలో కాయలు ఏరే కూలీల మీదికి వెళ్లేవాడు. గుంటూరు డాక్టరు గారు "మీ వంశంలో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే, నాన్న "రామ రామ, ఎవరూ లేరండి" అన్నాడు. మా చిన్న తాతను పశువుల కొట్టంలో గొలుసేసి ఉంచిన సంగతి ఊరంతటికీ తెలుసు. డాక్టరు గారు నమ్మలేదనుకుంటాను.

"విత్తనం ఉన్నంత మాత్రాన మొలవదు, నేలా అదునూ కలవాలి. ఇంట్లో అరుపులు తగ్గించండి. నేను చెప్పేదాకా మాత్రలు మానొద్దు" అన్నారు.

మాత్రలతో అన్న కుదుటపడ్డాడు. దుక్కికి వెళ్లాడు, నాతో వామనగుంటలాడి తొండి కూడా చేశాడు. ఆ మాత్రలకు చేతులు మాత్రం వణికేవి. ఆ వేసవిలో నన్ను చూడటానికి పెళ్లివారు వస్తున్నారని కబురొచ్చింది. మజ్జిగ గ్లాసు అందిస్తూ వణికితే పరువు పోతుందని అమ్మ ముందుగానే మాత్రలు మానిపించింది. నాకూ ఆ సంబంధం కావాలి, నోరు మెదపలేదు. వణుకు తగ్గింది. పెళ్లివారు "పిల్లవాడు బుద్ధిమంతుడు" అని మెచ్చుకుని, సంబంధం ఖాయం చేసుకుని వెళ్లారు. థూ!

నెల తిరక్కుండా ఆ మాటలు మళ్లీ వచ్చాయి. గుంటూరు వెళ్తే పెళ్లివారికి తెలిసిపోతుందట. దయ్యమని తేల్చి మేనత్త కుంపటి రాజేసింది. దయ్యాన్ని వదిలించే పొగకు ఎండుమిరపకాయలు కావాలి. మంచి కాయ మార్కెట్టుకు పోవాలి గదా, అమ్మ కూర్చుని తెల్లబడిన తాలు కాయలు ఏరింది. కన్నకొడుకు ముక్కుకు ఆ తాలు చాలుననుకుంది కాబోలు.

నాన్న అన్న తలను కుంపటి మీదికి వంచాడు, అత్త దుప్పటి కప్పింది, నేను చేతులు పట్టుకున్నాను.

"ఎవరివిరా నువ్వు? పోతావా, పోవా?" అని అత్త అరిచింది.

"పోతానే అత్తా, పోతా, వదిలెయ్" అన్నాడు అన్న. దయ్యం ఒప్పుకుందని అందరూ మురిసిపోయారు.

దుప్పటి తీశాక కళ్లు తెరవలేక, తడుముకుంటూ నా చెయ్యి అందుకున్నాడు.

"చెల్లాయ్, ఇవి నీ చేతులా? అందరికంటే గట్టిగా పట్టుకున్నావే."

నా పెళ్లి ముహూర్తానికి ఇంకా పన్నెండు రోజులుంది.