బట్టీ పట్టిన కార్మిక చట్టాలు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ ముక్క కనిపించినవాళ్లందరికీ చెప్పాలని ఇప్పటికీ నోరు ఊరుకోదు. కానీ ఆ కబురు తెలిసిన రోజు నాకు నిలబడే ఓపిక కూడా లేదు.

అప్పట్లో అమెరికాలో, ఐసెలిన్ అనే ఊళ్లో, ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక మిఠాయి కొట్లో పనిచేసేదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కౌంటర్ వెనక నిలబడి, ఆ కాళ్లతోనే డ్రైవ్ చేసుకుంటూ కాలేజీకి వెళ్లేదాన్ని. అలా నాలుగేళ్లు. చివరికి అమెరికా చరిత్ర ఒక్కటే మిగిలింది. అది పాసైతేనే డిగ్రీ.

పరీక్షకి వచ్చే పాఠం ముందే చెప్పారు. ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచిన కాలం, ఆ తర్వాత వచ్చిన సంస్కర్తలు, వాళ్లు కొట్లాడి తెచ్చిన చట్టాలు. నాకు చేతనైన చదువు ఒక్కటే, బట్టీ. జిలేబీలు తూస్తున్నా, డబ్బాలకి దారం కడుతున్నా పెదవులు కదులుతూనే ఉండేవి. నాతో పనిచేసే గుంటూరు ఆంటీ ఓ రోజు ఉండబట్టలేక అడిగింది.

"ఏంటే అది, మంత్రమా?"

"ఆడవాళ్ల చేత రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదని అప్పట్లో చట్టం తెచ్చారు ఆంటీ."

"అట్టాగా. మన ఓనర్‌కి వినపడేట్టు కాస్త గట్టిగా చదువు."

పరీక్షలో నాలుగు పేజీలు రాశాను, కామా కూడా పోకుండా. వారం తర్వాత ప్రొఫెసర్ తన గదికి రమ్మంది. మెచ్చుకోవడానికేనని ఇస్త్రీ చుడీదార్ వేసుకుని మరీ వెళ్లాను. బల్ల మీద నా పేపరు, పక్కన పాఠ్యపుస్తకం తెరిచి ఉన్నాయి. ఇవి పుస్తకంలో వాక్యాలే కదా అంది.

"అవును మేడమ్. ఒక్క మాట కూడా పోలేదు," అన్నాను గర్వంగా.

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. పుస్తకం హాల్లోకి ఎలా తెచ్చావని అడిగింది. తేలేదని చెప్తే నమ్మలేదు. అప్పుడు చేతులు కట్టుకుని నిలబడి ఒప్పజెప్పాను. పిల్లల చేత పని చేయించకుండా దేశమంతటికీ చట్టం రావడం, రెండేళ్లకే సుప్రీం కోర్టు దాన్ని కొట్టేయడం. సగంలో చెయ్యెత్తి ఆపింది. చూసి రాయలేదని నమ్మింది. కానీ ఇంకొకరి మాటలు నీవిగా రాస్తే, కాగితం నుంచి ఎత్తినా బుర్రలోంచి ఎత్తినా కాపీయేనని, దానికి ఇక్కడ ఫెయిల్ చేస్తారని చెప్పింది. ఈ సంగతి నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. మా బడిలో ఒక్క మాట మార్చి రాస్తేనే మార్కు కోసేవాళ్లు.

నా మొహం చూసి ఆమె కొంచెం మెత్తబడినట్టుంది. "పుస్తకం వదిలెయ్. ఆ చట్టాలు ఎవరికి అందలేదో నీ మాటల్లో చెప్పు," అంది.

నా మాటలు ఏవో నాకే తెలియలేదు. పిక్కలు లాగుతున్నాయి. ఇంకేదీ దాచుకునే ఓపిక లేక చెప్పేశాను. మా అమ్మ బీడీలు చుట్టేదని, బడి నుంచి రాగానే నేను పక్కన కూర్చుని వాటి చివరలు మడిచేదాన్నని. పిల్లల్ని పనిలో పెట్టుకోరాదని బీడీ ఫ్యాక్టరీ గోడ మీద రాసే ఉండేది. తునికాకు, తంబాకు ఇంటికి పంపేవాళ్లు కాబట్టి మా ఇల్లు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. ఈ పుస్తకంలోనూ, న్యూయార్క్ ఇరుకు గదుల్లో తల్లుల పక్కన కూర్చుని గుడ్డపూలు చేసిన పిల్లలు ఒకే ఒక్క పేరాలో ఉన్నారు.

"చట్టం ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది మేడమ్. ఇళ్లలోకి రాలేదు."

ఆమె సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి, ఇప్పుడు చెప్పిందే రాయమంది. గంట టైమ్ ఇచ్చింది. పేజీన్నర రాశాను. తర్వాతి వాక్యం ఏమిటో తెలియకుండా రాయడం నాకు అదే మొదలు.

షాపుకి సెలవైన రోజు పొద్దున గ్రేడ్ చూశాను. సి. నాలుగేళ్లలో నాకొచ్చిన వాటన్నిటికన్నా తక్కువ గ్రేడ్. కానీ పాస్. వెంటనే అమ్మకి ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను.

"ఏం రాయమన్నరు బిడ్డా?"

"మన బీడీల ముచ్చట రాసిన."

"గదెందుకు రాసినవే? పరాయోళ్ల ముంగట ఇజ్జత్ పోదా?"

"దానికే పాస్ చేసిర్రమ్మా."

అమ్మ పక్కింటామెకి చెప్పొస్తానంది. డిగ్రీ సంగతే చెప్తుందట, బీడీల సంగతి చెప్పదట. ఆ ఆకులు చుట్టిన చేతుల వల్లే గట్టెక్కానని చెబుదామనుకున్నాను. మాటలు కూడదీసుకునే ఓపిక లేక సరేనన్నాను. ఫోన్ పక్కన పెట్టి, పట్టపగలే, లైటైనా ఆర్పకుండా నిద్రపోయాను.