గాంధారి వెనక కూర్చున్న ఆమె

మొన్న పొద్దున చెన్నై నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. భారతం ఉత్సవాల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేస్తున్నారట, మా తిరుత్తణి వైపు ద్రౌపదమ్మ గుళ్ళలో నేను తీసిన ఫోటోలు కొంటారట. వేషాలూ కిరీటాలూ వాళ్ళ దగ్గర బోలెడున్నాయి, దుర్యోధనుడు పడ్డాక ఏడ్చే ఆడవాళ్ళ ఫోటో కావాలన్నాడు. "ఎమోషన్ వేణుం సార్" అని అరవంలో నొక్కి మరీ చెప్పాడు. నా దగ్గర లేదన్నాను. అది అబద్ధం కాదు. ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. ఫోన్ పెట్టేసేసరికి కాఫీ చల్లారిపోయింది. మా ఆవిడ మళ్ళీ వెచ్చబెట్టి ఇస్తూ, ఎవరు పోయారని అడిగింది. నా మొహం అట్లా ఉందన్నమాట.

నాది తిరువళ్ళూరులో ఆఫీసు ఉద్యోగం. ఫోటోలు తీయడం పిచ్చి. ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఆదివారాలు కెమెరా సంచి తగిలించుకుని తిరుత్తణి రైలెక్కేవాణ్ణి. భారతం జరిగే ఊళ్ళలో నాకు అన్నిటికన్నా ఇష్టం చివరి రోజు పొద్దున జరిగే పడుకళం. ఊరి బయట మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెడతారు, ఇంటికన్నా పొడుగు. భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా తరుముకుంటారు. భీముడు మట్టి తొడ మీద గదతో కొట్టగానే లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. ద్రౌపది ఆ ఎరుపు రాసుకుని జుట్టు ముడుచుకుంటుంది. ఆ తర్వాత గాంధారి వేషం కట్టిన మగమనిషి వచ్చి కొడుకు మీద పడి రాగం తీసి ఏడుస్తాడు, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళూ గొంతు కలుపుతారు. అప్పటిదాకా దుర్యోధనుణ్ణి తిట్టిన నోళ్ళే అవి. ఆ ఏడుపు అంటే నాకు ప్రాణం.

ఫోటోలు అమ్మడం నేను అనుకుని మొదలుపెట్టలేదు. వేషగాళ్ళే ప్రింట్లు అడిగారు, ఖర్చు మాత్రం తీసుకునేవాణ్ణి. తర్వాత పత్రికలవాళ్ళూ క్యాలెండర్ల వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. ఫోటోలో ఉన్న మనిషిని అడక్కుండా ఎవరికీ ఇవ్వకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. దానితో పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. భీముడు, పొట్ట తగ్గించి వేస్తేనే ఒప్పుకుంటానన్నాడు. రేషన్ షాపులో బియ్యం తూచే దుశ్శాసనుడు నన్ను పక్కకు పిలిచి, "సామీ, మా పిల్లకు సమ్మందాలు చూస్తా ఉండాము. చీర లాగే ఫోటో మాత్రం యాడా చూపీవద్దు" అని గడ్డం పట్టుకుని బతిమాలాడు. చూపించలేదు. ఆ పిల్ల పెళ్ళికి ఫోటోలు తీసింది కూడా నేనే. ఇవన్నీ ఇంట్లో చెప్పుకుని మురిసిపోతుంటే మా ఆవిడ, "సరి సరి, ధర్మరాజుగారు భోంచేస్తారా?" అనేది.

అట్లా ఒక ఏడు పడుకళంలో, గాంధారి రాగం తీస్తుండగా, ఆయన భుజం వెనక ఒకామె కనబడింది. మిగతా ఆడవాళ్ళు ఆనవాయితీ కొద్దీ ఏడ్చి, మధ్యలో పక్కామెతో నాలుగు మాటలాడి, మళ్ళీ అందుకుంటున్నారు. ఈమె ఎవరివైపూ చూడలేదు. మట్టి దుర్యోధనుడి పాదం మీద చెయ్యి వేసి, గొంతు పగిలేలా ఏడుస్తోంది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి చూసుకున్నాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు, ఇక తీయబోను కూడా. ఒక పత్రికాయన చూసి, అట్ట మీద వేస్తాను, వెంటనే ఇవ్వమన్నాడు. ఆమెను అడిగి చెబుతానన్నాను.

ఆమెది తన ఊరేనని గాంధారి వేషగాడు చెప్పాడు. ప్రింటు పట్టుకుని మరుసటి ఆదివారం వెళ్ళాను. పెరట్లో మల్లెమొగ్గలు కోస్తోంది. లోపల కోడలు పసివాణ్ణి ఆడిస్తుంటే వాడి నవ్వులు బయటికి వినిపిస్తున్నాయి. వచ్చిన పని చెప్పి ఫోటో ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఇది నేనేనా?" అంది. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా పిలకాయి, ఈ బిడ్డ నాయన, గుమ్మిడిపూండిలో కంపెనీ పనికి పోతా ఉండె. జొరమొచ్చి పోయినాడు. నేను ఏడిస్తే కోడలు ఏడస్తాది, అది ఏడిస్తే బిడ్డ బెదురుకుంటాడు. ఇంట్లో ఏడవకూడదని ఒట్టు పెట్టుకుంటిని. పడుకళంలో అయితే అందురూ ఏడస్తారు గదా, ఎవురి కోసరమని ఎవురూ అడగరు. దుర్యోధనుడి పేరు చెప్పుకోని నా బిడ్డకు ఏడ్చుకుంటిని. పోయిన ఏడూ అట్లే, ఈ ఏడూ అట్లే."

ఆమె మళ్ళీ ఫోటో చూసి, "మీరు చూస్తా ఉంటిరా అన్నా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. చీర మార్చుకునే చోట మగమనిషి ఉన్నాడని తర్వాతెప్పుడో తెలిసిన ఆడమనిషికి కలిగే సిగ్గు ఉంది.

"ఎవురికీ ఇయ్యనక్కా. ఎవురికీ చూపీను" అన్నాను. ఆమె ఎదుటే కెమెరాలోంచి తీసేశాను, ఇంటికొచ్చి కంప్యూటర్లోదీ తీసేశాను. ప్రింటును ఆమే చించి, నీళ్ళు కాగుతున్న పొయ్యిలో వేసింది. నాకు మజ్జిగ ఇచ్చింది. మా ఆవిడకని మొగ్గలు అరిటాకులో కట్టిచ్చింది. తిరుగు రైల్లో ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను. పత్రికాయన తిట్టుకుంటే తిట్టుకోనీ, నేను ఎవరినీ నొప్పించలేదు కదా అనుకున్నాను.

మరుసటి ఏడు పడుకళానికి కెమెరా లేకుండానే వెళ్ళాను. ఆడవాళ్ళలో ఎంత వెతికినా ఆమె లేదు. అంతా అయ్యాక, మొహానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్న గాంధారిని అడిగాను. "ఆయమ్మ ఇంక రాదు సార్. రమ్మని పిలిస్తిని. ‘ఆడ ఏడిస్తే ఎవురో ఒకరు చూస్తా ఉంటారప్పా, నాకొద్దు’ అనె. ఇంట్లో బాగానే ఉండాది లే, నవ్వతానే ఉంటాది" అన్నాడు.

అడక్కుండా అమ్మి ఉంటే తప్పయ్యేది, అందులో సందేహం లేదు. కానీ చూసి ఊరుకుని ఉంటే? ఆ ఫోటో నా పెట్టెలోనే పడి ఉంటే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు, ఏటా వచ్చి పాదం మీద చెయ్యి వేసి ఏడ్చుకుని పోయేది. ఆమె మేలు కోరి అడగడానికి వెళ్ళాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ ఫోటో అట్ట మీద చూసుకోవాలన్న ఆశే నన్ను ఆ రైలెక్కించింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. క్షమించమని అడగడానికి మళ్ళీ వెళదామని చాలాసార్లు అనుకున్నాను. వెళితే, ఆమె దాచుకున్నదాన్ని మళ్ళీ వాకిట్లోకి లాగినట్టవుతుందని ఆగిపోయాను.

ఆ పసివాడు ఇప్పుడు బడికి పోతున్నాడట. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందని అందరూ అంటారు. ఆమె తన దుఃఖానికి ఏడాది మొత్తంలో ఒకే ఒక్క పొద్దు ఉంచుకుంది. ఆ పొద్దు ఏటా వస్తూనే ఉంది, ఆమె లేకుండానే వెళ్ళిపోతోంది.