రబ్బరుతో తుడిచిన మెమరీ

నిన్న మా పాప కంపాసు పెట్టె తెరవగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. సముద్రం దగ్గర కోట అనే ఊళ్లోని మా చిన్ననాటి ఇల్లు గుర్తొచ్చింది.

డిప్లొమా చదివే అక్క పాత సామాన్లు ఏరి తెచ్చి సొంతంగా కంప్యూటర్ బిగించింది. నాయన అమ్మేసిన పడవ ఫొటోలు అందులోనే ఉండేవి. వానాకాలంలో ఒకరోజు అది తెర వెలగకుండా కీచుకీచుమని అరవసాగింది.

"మెమరీలో తప్పుండాది" అంటూ అక్క మూత విప్పింది. దువ్వెనంత ఆకుపచ్చ పట్టీ ఒకటి లాగి, నా రబ్బరుతో దాని అంచును రుద్దసాగింది. మెమరీ అంటే జ్ఞాపకమని నేను బళ్లో అప్పుడే నేర్చుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

"ఒద్దక్కా! నాయన పడవ చెరిగిపోతాది!"

అక్క నవ్వలేదు. "ఫొటోలు కంప్యూటర్లోనే ఇంకోచోట భద్రంగా ఉండాయి. ఉప్పుగాలికి ఈ అంచు మురికిపట్టింది, అంతే. రెండో పట్టీని నువ్వు తుడువు" అని రబ్బరు నా చేతికిచ్చింది.

ఊపిరి బిగబట్టి తుడిచాను. అక్క రెండింటినీ మళ్లీ బిగించాక, ఈసారి కంప్యూటర్ ఒక్క కూత వేసి వెలిగింది. నీలం పడవ మీద నాయన చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాడు.

ఇవాళ నేను పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఆ రోజు అక్క నవ్వి ఉంటే, తెలియనిది అడగడానికి సిగ్గుపడుతూనే పెరిగేదాన్నేమో.