అల్లుడికి జామీను

పోయిన వారం జగ్గయ్యపేట కోర్టు హాల్లో కానిస్టేబులు ఒక దొంగతనం కేసులో పట్టుబడిన మిరపకాయల బస్తా తెచ్చి దించాడు. ఘాటు గుప్పున లేచింది. మొదట బెంచి క్లర్కు తుమ్మారు, తరవాత నేను, ఆపైన బోనులో నిలబడ్డ ముద్దాయి. చివరికి మేజిస్ట్రేటుగారు కూడా తుమ్మి, రుమాలు వెతుక్కున్నారు. ప్రభుత్వం తరఫున వాదించాల్సిన నేను నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఘాటుకి నాకు కరుణమ్మగారు గుర్తొచ్చారు.

నందిగామలో క్రిమినల్ కేసులు చూసే సీనియర్ లాయరు ఆవిడ. లా చదువు పూర్తికాగానే నేను చేరింది ఆవిడ దగ్గరే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ నవ్వితే వరండా చివర టీ తాగుతున్న గుమాస్తాలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవారు.

నేను చేరిన కొత్తలో ప్రసాద్ కేసు వచ్చింది. కంచికచర్లలో ఒక మిర్చి గోడౌనులో బస్తాలు మోసే కుర్రాడతను. బస్తాలు మాయమయ్యాయని ఫిర్యాదు వస్తే పోలీసులు అనుమానం మీద అతన్ని పట్టుకుని కోర్టులో హాజరుపరిచారు. కోర్టు రిమాండు విధించి సబ్‌జైలుకి పంపింది. ఆ వారంలోనే చందర్లపాడు చర్చిలో అతని పెళ్ళి. తల్లి దీనమ్మ ఏడుస్తూ మా ఆఫీసుకొచ్చింది. ఆమె వెనకాలే పెళ్ళికూతురి తండ్రి యోహానుగారు వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

“జైలుకెళ్ళినోడికి పిల్లనెట్టా ఇమ్మంటారండీ? సంబంధం వదులుకుంటన్నామని చెప్పి పోదామనే వచ్చా,” అన్నారాయన.

“పిల్ల ఏమంటోంది?” అనడిగారు కరుణమ్మగారు.

“అది అన్నం మానేసి కూర్చుందండి.” ఆయన గొంతు తగ్గించారు. “మీరు చెప్పండమ్మా. ఆ బస్తాలు తీసింది వాడేనంటారా?”

తీయలేదని ఆవిడ ఒట్టేసి చెబుతారనుకున్నాను. ఆవిడ అలా చెప్పలేదు.

“నేను చూళ్ళేదండి. మీరూ చూళ్ళేదు. సాక్షులొస్తారు, అడగాల్సింది మేం అడుగుతాం, అప్పుడు జడ్జిగారు తేలుస్తారు. పోలీసులు పట్టుకున్నంత మాత్రాన అయిపోలేదు, అది మొదలంతే. ఈలోగా ఆ అబ్బాయి మీకెన్నేళ్ళుగా తెలుసో, ఎలాంటోడో మీరే ఆలోచించుకోండి.”

యోహానుగారు మెట్లు దిగి వెళ్ళిపోయారు. పెళ్ళి ముందు రోజు బెయిలు పిటిషను విచారణకొచ్చింది. ముద్దాయి పారిపోతాడని ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పారు. “రేపు పెళ్ళి సార్. ఊరంతా పిలిచారు. పారిపోతే ముందు పట్టుకునేది పెళ్ళికూతురే,” అన్నారు కరుణమ్మగారు. మేజిస్ట్రేటుగారు తల వంచుకుని నవ్వుకుంటూనే బెయిలిచ్చారు. రోజూ ఉదయం స్టేషనులో సంతకం పెట్టాలి, ఇద్దరు జామీను నిలబడాలి అన్నారు.

ఒక జామీనుదారు ప్రసాద్ మేనమామ. రెండోవారి కోసం దీనమ్మ, నేను వరండా అంతా చూస్తుండగా యోహానుగారు ఇస్త్రీ చొక్కాతో మెట్లెక్కి వచ్చారు. మేజిస్ట్రేటుగారు ఆయన్ని అడిగారు: “ముద్దాయి మీకేమవుతాడు?”

హాలంతా ఆయన వైపే చూసింది. దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అల్లుడండి,” అన్నారాయన. మళ్ళీ తనే సర్దుకుని, “రేపవుతాడండి,” అన్నారు.

కరుణమ్మగారి నవ్వు కోర్టు హాల్లో వినడం నాకదే మొదటిసారి.

సాయంత్రానికి విడుదల కాగితం పట్టుకుని సబ్‌జైలుకి వెళ్ళాం. బయటికొచ్చిన ప్రసాద్ మామగారిని చూసి అక్కడే ఆగిపోయాడు. ఆయన దగ్గరికెళ్ళి, “గడ్డం గీయించుకోవాలి పద,” అన్నారు. ఇద్దరూ మంగలి షాపు వైపు నడిచారు.

మర్నాడు ఉదయం చర్చికంటే ముందు స్టేషనుకెళ్ళాలి కదా. పెళ్ళికొడుకుని కరుణమ్మగారే తన కారులో తీసుకెళ్ళారు. కోటూ బూటూ వేసుకుని లోపలికొచ్చిన మనిషిని చూసి ఎవరో ఆఫీసరనుకుని, స్టేషనులో రాతపనులు చూసే రైటరు కుర్చీలోంచి లేచారు. సంగతి తెలిశాక ఆయనే పెన్ను అందించి, “తొందరగా కానీవయ్యా, అక్కడ పాస్టరుగారు ఎదురుచూస్తుంటారు,” అన్నారు. మధ్యాహ్నం పెళ్ళి బిర్యానీకి ఆయన కూడా వచ్చారు.

విచారణ చాలాకాలం సాగింది. చివరికి సాక్ష్యం నిలవక కేసు కొట్టేశారు. తీర్పు రోజున మనవరాలిని చంకనేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నది యోహానుగారే.

నాకు ప్రాసిక్యూటరు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కరుణమ్మగారు కోప్పడతారేమోనని భయపడ్డాను. “అవతలి వైపుకెళ్తున్నావా? మంచిదే. అక్కడా మనవాళ్ళు ఒకరుండాలి,” అని నవ్వారు. ఈమధ్యే ఆవిడతో ఫోనులో మళ్ళీ ఒక వాదన జరిగింది, బిర్యానీలో పుదీనా ఎంత వేయాలన్నదాని మీద. ఓడిపోయాను.

నేను అడిగి శిక్షలు వేయించిన వాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా తీర్పు వచ్చేదాకా ‘దొంగ’ అన్న మాట నా నోట రాదు. మొన్న ఒక కొత్త కానిస్టేబులు, “దొంగని తీసుకొచ్చామండి మేడమ్,” అన్నాడు. “పేరేంటి?” అనడిగాను. అతను తడుముకుని కాగితం చూసి చెప్పాడు. ఆ పేరు పెట్టి, చివర ‘గారు’ చేర్చి పిలిచాను. గోడవారగా తల దించుకుని కూర్చున్న మనిషి, పిలిచింది తననేనా అన్నట్టు మెల్లగా తలెత్తి చూశాడు.