సగం దారిలో విన్న బిళ్ళగన్నేరు వైద్యం

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే మా సైన్సు సారు బడి మొత్తానికి చాక్లెట్లు పంచాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. పంచింది మా క్లాసు వరకే.

ఆగిన చదువు మళ్ళీ క్యాబులో మొదలైంది. తెల్లాపూర్ నుంచి ఆఫీసులకు మనుషులను దింపడం నా పని. వెనక సీట్లో వాళ్ళు ఫోన్లో మాట్లాడేదంతా నాకు పాఠమే. ఒకటే చిక్కు. ఆఫీసు రాగానే దిగిపోతారు. అందుకని నాకు ఏది తెలిసినా సగమే తెలుసు. షేర్లు ఎలా కొనాలో చెప్పగలను, ఎప్పుడు అమ్మాలో మాత్రం నన్నడగొద్దు.

పుప్పాలగూడలో ఉండే మా అక్కకు రొమ్ము క్యాన్సరు. అందులోనూ మొండి రకమని డాక్టరమ్మ చెప్పింది. కొందరికి పనిచేసే హార్మోను మాత్రలు దీని మీద పనిచేయవట. ఆపరేషనుకు ముందు గడ్డ కరగాలంటే సెలైనులో ఎక్కించే కీమోనే దిక్కు. అది ఎక్కినప్పుడల్లా అక్కకు నోరంతా పుండ్లు, అన్నం సహించదు. జుట్టంతా పోయింది. వెటకారం మాత్రం వెంట్రుకంత కూడా రాలలేదు.

మరునాడు కీమో ఉందనగా, పొద్దున ఒక మేడం నా బండెక్కింది. మొక్కల్లోని పదార్థాల్లో ఏది క్యాన్సరుకు మందవుతుందో కంప్యూటర్లో వెతకడం ఆమె ఉద్యోగం. ఫోన్లో ఎవరికో చెబుతోంది: "బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందులు రాలేదా అండీ? అలాంటివి ఇంకా బోలెడు మొక్కల్లో ఉన్నాయి. ఆ మొండి రకం కణాలు కూడా చచ్చిపోతున్నాయి. కానీ..."

ఆ 'కానీ' దగ్గర ఆఫీసు గేటొచ్చింది. మేడం దిగిపోయింది.

బిళ్ళగన్నేరు! తెల్లాపూర్‌లో నేను రోజూ బండి ఆపే అపార్ట్‌మెంట్ల గేటు పక్కన బారెడు పొడవున అదే. తిరిగి వెళ్ళేసరికి తోటమాలి వాటినే కత్తిరించి కుప్ప పోస్తున్నాడు. అడిగితే, "పారేసేదే గద, మొత్తం తీస్కపో" అన్నాడు. సంచి నిండా కుక్కుకుని మధ్యాహ్నానికి అక్క ముందు దించాను, ధన్వంతరి నేనే అన్నట్టు.

"ఏందిరా గిది? మేకను గిట్ల కొన్నవా?"

"క్యాన్సర్ మందక్కా. పెద్ద సైంటిస్టు మేడం చెప్పింది. పొద్దుగాల నూరుకొని తాగాలె."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆకులు చేత్తో నిమిరింది. "మంచిగైంది తమ్మీ. ఇగ రేపు దవాఖానకు రాను. గిదే తాగుత."

 కీమోకు తోడుగా ఇదీ అనుకున్నాను గానీ, కీమో మానేయమని నేనెప్పుడు అన్నాను? ఆ మాటే చెబితే, "మందు గిండ్లనే ఉన్నదని నువ్వే అంటివి" అని అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం ఇంకో డ్రైవరును బతిమాలి ఆ మేడం ట్రిప్పు నేనే తీసుకున్నాను. ఎక్కగానే అడిగాను: "మేడం, పొద్దున 'కానీ' అన్నరు. తర్వాతేంది?"

"నా ఫోన్లన్నీ వింటారా మీరు?"

"నాకు వేరే కాలేజీ లేదు మేడం."

పకపకా నవ్వింది. అక్క సంగతి చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, తాగించకండి! ల్యాబు గిన్నెలో పెంచిన కణాల మీద ఆ పదార్థాలు పోస్తే చస్తాయండి. బ్లీచింగ్ పౌడరు పోసినా చస్తాయి. మనిషికి ఏమీ కాకుండా కణం చావాలి, అదీ కష్టం. మేము ఏరినవాటిలో చాలావరకు ఎలుకల దాకా కూడా వెళ్ళవు. బిళ్ళగన్నేరు ఆకు పచ్చిగా తాగితే విషం. కీమోలో ఉన్నవాళ్ళకైతే ప్రాణం మీదికే వస్తుంది. ఇంతకీ ఆవిడకి ఎక్కిస్తున్న మందేంటి?"

ఫోన్లో మందుల చీటీ ఫొటో చూపించాను. చూసి తల ఊపింది. "ఇదీ చెట్టుదేనండీ. చలి ప్రాంతాల్లో పెరిగే ఒక చెట్టు బెరడులో దొరికింది మొదట. దాన్ని మందు చేయడానికి ఏళ్ళు పట్టింది. మానొద్దని చెప్పండి."

ఈసారి ఆమె మాట పూర్తయ్యేదాకా వాళ్ళింటి గేటు ముందు బండి ఆపే ఉంచాను. వెనక హారన్లు మోగాయి. మోగనీ అనుకున్నాను.

తిన్నగా అక్క దగ్గరికి పోయాను. ఆకులు కడిగి పళ్ళెంలో ఆరబెట్టి ఉన్నాయి. విషమని చెప్పాను.

"పగటీలి మందంటివి, గిప్పుడు విషమంటున్నవ్. రేపేమంటవ్ర?"

"రేపు దవాఖానకు పోదామంట. నీకెక్కించేది సుత చెట్టు మందేనట అక్కా. బెరడుల దొరికిందట."

అక్క తన బోడితల తడుముకుంది. "చెట్టుదైతే నన్ను గింతగనం ఎందుకు తిప్పలు పెడ్తది?"

 ఆమే లేచి పళ్ళెం తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించింది. "పొద్దుగాల జల్ది రా" అంది. అంతే.

దవాఖానలో ఆకుల సంగతి చెప్పగానే డాక్టరమ్మ నన్ను అందరి ముందూ దులిపేసింది. అక్క మంచం మీద పడుకుని ఆ తిట్లన్నీ పాటలా వింది. నర్సు సూది తీసుకుని వస్తే నేనే మొహం తిప్పుకున్నాను. అయినా పెద్దరికం చూపించాలి కదా, "భయపడకక్కా, నేనున్న" అన్నాను.

అక్క చెయ్యి చాపుతూ అంది: "గీ ట్రాఫిక్‌ల నీ బండెక్కి గీడిదాక వచ్చినదాన్ని. సూదికి భయపడతనార?"