క్లారినెట్ నోరు

సాక్సోఫోన్ బరువంతా మెడ మీద పడుతుంది. క్లారినెట్‌కి ఆ గొడవ లేదు, కుడి బొటనవేలు మోసేస్తుంది. కొన్నేళ్లుగా నా మెడకు ఒక సాక్సోఫోన్ వేలాడుతోంది. అందరూ అది నాదే అనుకుంటున్నారు. అది నా చేతికి ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్తున్నాను. నా పేరు అడక్కండి.

ముందే ఒక మాట. నేను మంచిదాన్నని మీరు అనుకునేలా రాయలేను. ఆ రోజు చేసిన పని ఆ రోజు నాకు చాలా నచ్చింది. అది కూడా ఒప్పుకోవాలి కదా?

నేను బెంగుళూరులో పెరిగాను. అమ్మకు మదనపల్లెలో నర్సు ఉద్యోగం వచ్చి, కాలేజీ మధ్యలో నన్ను పీకి అక్కడికి తెచ్చింది. ఫోన్ తప్ప తోడు లేదు. చర్చిలో పాటలకు క్లారినెట్ వాయించే రత్నప్ప మాస్టర్ (పేరు మార్చాను) నన్ను చూసి, "ఆ ఫోన్ పక్కన పెట్టి ఇది ఊదు మే" అన్నాడు. ఆయనది పుంగనూరు. రెండు ఆవులు, ఒక క్లారినెట్, బోలెడంత కోపం. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లి నేర్చుకునేదాన్ని. నాకూ కోపమే. ఇద్దరం అరుచుకునేవాళ్లం. అయినా నేర్పాడు, చర్చిలో ఉన్న ఒక పాత క్లారినెట్ ఇప్పించి పాటల్లో తన పక్కన నిలబెట్టాడు. ఆ సంగతి దాచను.

కుప్పంలో బ్యాండ్ మానేసిన ఒకాయన తన సాక్సోఫోన్ ఇచ్చేస్తున్నాడని తెలిసింది. కుప్పం వైపు పెళ్లిళ్లలో ఇప్పుడు సాక్స్ లేకపోతే కుదరదు. నాకు అది కావాలి. ఎంతగా అంటే, రోజూ దాని ఫొటో చూసుకుని పడుకునేదాన్ని. ఆయనతో ఒక మాట చెప్పండి మాస్టర్ అని అడిగాను. చర్చి వాకిట్లో, పాటలవాళ్లందరి ముందు అడగడమే నా తప్పు.

"ఫోన్ పట్టుకునే చేతిలో సాక్స్ యాడ నిలుస్తాది మే?" అని అందరి వైపూ తిరిగాడు. "రీల్స్ తీసేదానికి ఈయమ్మకి సాక్స్ కావల్లంట. పొద్దున పాటలో కీచుమనింది ఇన్నారు గదా. క్లారినెట్టే రాల్యా ఇంకా."

నవ్వారు. నాకన్నా చిన్నవాళ్లు కూడా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. పొద్దున కీచుమన్నది నా క్లారినెట్ కాదు. ఆయనది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

అంతవరకూ భరించేదాన్నేమో. కొన్నాళ్లకు ఆ సాక్సోఫోన్ ఆయన మెడలోనే కనిపించింది. తన క్లారినెట్ నా చేతిలో పెట్టి, "ఇంక దీన్ని నువ్వు సూసుకో, నేను సాక్స్‌కి మారినా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. మనసులో మాత్రం ఒకటి గట్టిగా అనుకున్నాను: నిన్ను దాన్ని వాయించనివ్వను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. క్లారినెట్ ఊదేవాళ్లు పెదవులు బిగిస్తారు. సాక్స్‌ని వదులుగా పట్టాలి. మారినవాళ్లు అలవాటుకొద్దీ బిగిస్తే శృతి పైకి పోతుంది. దాన్నే మావాళ్లు 'క్లారినెట్ నోరు' అంటారు. మాస్టర్ ఆ భయంతో నెలల తరబడి ఆవుల కొట్టంలో సాధన చేశాడు. తబలా, కీబోర్డు ముందే రికార్డు చేసిన ట్రాక్ నేను ఫోన్‌లో పెడితే, దాని మీద ఆయన వాయించేవాడు. నోరు మారింది. బాగా వాయించాడు. అందుకే నాకు ఇంకా మండింది.

కుప్పంలో ఒక పెళ్లి. చర్చిలో పెళ్లయ్యాక మండపంలో మధ్యాహ్నం విందు. అందరి ముందూ సాక్స్ వాయించడం ఆయనకు అదే మొదలు. అక్కడి బ్యాండ్‌వాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. నచ్చితే తమ సెట్‌లో చేర్చుకుంటామన్నారు. నేను ఫోన్ పట్టుకుని ఆయన పక్కనే ఉన్నాను.

ట్రాక్ మోగించే యాప్‌లో పాట శృతిని పైకీ కిందికీ జరిపే గీత ఒకటుంటుంది. మొదటి పాట సరిగ్గా పోనిచ్చాను. రెండో పాటలో తబలా ఒక్కటే మోగే చోట, బొటనవేలితో ఆ గీతను కొంచెం కిందికి లాగాను. వెంట్రుకంత. కీబోర్డు మళ్లీ మొదలయ్యేసరికి ట్రాక్ దిగిందని ఎవరికీ తెలీలేదు. సాక్స్ పైకి పోయిందనే అందరికీ వినిపించింది. అచ్చం క్లారినెట్ నోరు.

ఆయన పెదవి వదులు చేయడం చూశాను. శృతి కలవబోయింది. తబలా ఒక్కటే వచ్చినప్పుడు గీతను పైకి తోశాను. బిగించాడు. కిందికి లాగాను. ముందు వరుసలో ఒకడు పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. చర్చి వాకిట్లో విన్న నవ్వే అది. నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, చల్లబడింది.

మూడో పాట మధ్యలో ఆపేసి, మెడలో పట్టీ తీసేశాడు.

చేతులు కడుక్కునే చోట ఒక్కడే నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ తిట్టి, ఆ ఊపులో అంతా కక్కేసేదాన్నేమో.

"శృతి యాడో తప్పింది మే."

"ట్రాక్ సరిగ్గానే ఉంది మాస్టర్."

"ఉంటాది. ఫోన్ తప్పు పాడదు గదమ్మా. నా నోరే. ఇన్నేండ్లు క్లారినెట్ కరిసిన నోరు, యాడ మారుతాది?"

నా చేతిలో స్క్రీన్ వెలుగుతూనే ఉంది. గీత ఇంకా కిందే ఉంది. తిప్పి చూపిస్తే చాలు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"అప్పుడు అడిగినావు గదా. నువ్వే తీసుకో," అని సాక్స్ నా చేతికిచ్చాడు. తీసుకున్నాను. ఎంత సులభంగా తీసుకున్నానో.

కొన్నాళ్లకు ఆయన క్లారినెట్ తిరిగి ఇవ్వడానికి పుంగనూరు వెళ్లాను. ఆయన లేడు. భార్య శాంతమ్మక్క దాన్ని చూసి, "అది ఇప్పుడు యాలమ్మా?" అంది. "గడ్డి కోసే మిషన్‌లో ఉంగరం వేలు కొన పాయ గదా. క్లారినెట్‌కి బొక్కని వేలితోనే మూయల్ల, గాలి పోతాది, కీచుమంటాది. సాక్స్‌కైతే మూతలుంటాయి, అదిమితే సాలని దానికి మారినాడు. ఇంగ అదీ ల్యాకపాయ."

చర్చి వాకిట్లో నవ్వించిన ఆదివారానికి ముందే ఆ వేలికి కట్టు నేను చూశాను. ఏమైందని అడిగితే "ఏం ల్యా, పో" అన్నాడు. నేను ఫోన్‌లోకి వెళ్లిపోయాను.

నాకు సాక్స్ మోజు. ఆయనకు అది తప్ప ఇంకేం మిగల్లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే? ఆ వేలితో రంధ్రం మూయలేడని తెలిస్తే ఎవరూ పిలవరు కాబట్టి చెప్పలేదు, అది అర్థమైంది. కానీ తన వేలి తప్పు నా మీద వేసి అంతమందిని నవ్వించాడే. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చెప్పి ఉంటే మాత్రం వదిలేసేదాన్నా? నా కోపం నాకు తెలుసు. ఏమో.

ఇప్పుడు బెంగుళూరులో పెళ్లిళ్లకు వాయిస్తున్నాను. ఈ మధ్య చెప్పేద్దామనే పుంగనూరు వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన ఆవుకు నీళ్లు పెడుతూ, "ఏదీ, వాయించు, ఇందాం" అన్నాడు. కొట్టంలోనే నిలబడి వాయించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"నీది సాక్స్ నోరు మే. నాకు రాల్యా."

చెప్పాల్సిన చోటు అదే. ఆయనే తలుపు తీసి పెట్టాడు.

"అవును మాస్టర్," అన్నాను.

కుప్పంలో చేసింది కోపంతో చేశాను. ఈ 'అవును'లో ఏ కోపం ఉంది? ఎంత వెతికినా దొరకడం లేదు.

ఆయన ఇది చదవడు. చదివినా క్షమిస్తాడని నేను అనుకోవడం లేదు, క్షమించమని అడిగే ధైర్యమూ లేదు. పట్టీ తీసి మంచం మీద పెట్టి ఇది రాస్తున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాట కనీసం ఒక చోటైనా ఉండాలి.

మాస్టర్, ఆ రోజు మీ నోరు తప్పలేదు. ఫోన్ తప్పింది. తప్పించింది నేను.