పసుపూ తెలుపూ కలిపిన కాగితం

2003 నాటికి వసుంధరకు టీచరుగా పదిహేనేళ్ళు నిండాయి. టెక్కలిలో తెల్లారకముందే వంట ముగించి, సోంపేట బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో, ఆ పైన ఇసుకలో నడిచి సముద్రపు ఒడ్డునున్న పల్లెలో బడికి చేరేసరికి సగం ప్రాణం పోయేది. మిగిలిన సగంతో ఐదు తరగతులకూ ఒక్కతే చదువు చెప్పాలి.

అంత అలసటలోనూ ఆమెకు ఇష్టమైన పాఠం ఒకటుంది, రంగులు. ఆ బడికి రంగుల పెట్టె వచ్చే యోగం లేదు కనక పసుపు, కుంకుమ, నీలం సిరా ఇంటినుంచే తెచ్చేది. పసుపునీళ్ళలో సిరా చుక్క పడి ఆకుపచ్చ తేలగానే పిల్లలు "ఓలమ్మో!" అని ఎగిరేవారు.

ఒకనాడు, ఇంట్లో దొరికే రెండు రంగులు కలిపి కాగితానికి పూసి తెమ్మంది. రెండో తరగతి అమ్ములు తెచ్చిన కాగితం ఎర్రగా ఉంది.

"ఏమేం కలిపావు?"

"పసుపూ, తెలుపూ టీచర్."

పసుపూ తెలుపూ కలిస్తే లేతపసుపు. వసుంధర చదివిన చదువు అదే. ఆ పూట బస్సులో నిలబడి వచ్చిన కాళ్ళు పీకుతున్నాయి, ఓపిక అడుగంటింది.

"కుంకుమ పూసుకొచ్చి కోతలు కోస్తున్నావా? అబద్ధమాడితే కళ్ళు పోతాయి!" అని కాగితం చింపి పారేసింది.

"నేను సూసినాను టీచర్," అంది అమ్ములు. మిగతా పిల్లలు పగలబడి నవ్వారు.

మర్నాటినుంచి అమ్ములు బడికి రాలేదు. ఆ పల్లెలో వారం రోజులు బడి మానిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టదని వసుంధరకు తెలుసు. నాలుగోనాడు భయం పట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ వాళ్ళింటికి వెళ్ళింది.

వాకిట్లో అమ్ములు తల్లి మహాలక్ష్మి కొత్త వలకు దిష్టి తీయబోతోంది. పళ్ళెంలో పసుపునీళ్ళున్నాయి. అత్తగారి తాంబూలం సున్నం వేలితో తీసి అందులో కలిపింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

వసుంధరకు తల కొట్టేసినట్టయింది. కొత్త కోడళ్ళకూ పురిటి బిడ్డలకూ ఆ ఎర్రనీళ్ళు ఎన్నిసార్లు కలపలేదు తను! బళ్ళో కూర్చుంటే సొంత వంటిల్లు కూడా గుర్తుండదు కాబోలు.

"ఏటి టీచరమ్మా, ఇంత దూరం వచ్చినారు? మా పిల్ల అబద్ధం ఆడినాదంట కదా. ఇస్కూలుకి ఎల్లనంతంది. నాతో సేపలెండేయడానికి తీసుకుపోతాను," అంది మహాలక్ష్మి.

"అది నిజమే చెప్పిందమ్మా. తప్పు నాది." పదిహేనేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

అమ్ములు మర్నాడే బడికొచ్చింది. వసుంధర గుండె తేలికపడింది. అందరి ముందూ పసుపునీళ్ళలో సున్నం కలిపి, "ఏం రంగొచ్చింది, అమ్ములూ?" అని ఆప్యాయంగా అడిగింది.

అమ్ములు పళ్ళెం వంక చూడనైనా చూడలేదు. టీచరు మొహంలోకి భయంభయంగా చూసి, "మీరే సెప్పండి టీచర్," అంది.